మునిగిన ఊరు, తేలిన వాడ

“నీళ్ళ ఒడ్డున రాత్రి పండనీకి పోతవా? ఆడ మనకేమున్నదిరా?”

మా అవ్వ అడిగిన మాట ఇది. పోయిన మార్చి 19న నలుగురు విద్యార్థులతో సోమశిల పోయి, అక్కణ్ణుంచి కృష్ణ ఒడ్డు పట్టుకుని అమరగిరి దిక్కు నడిచి, ఒక రాత్రి ఆరుబయట పడుకుని తెల్లారి తిరిగొద్దామని సంచి సర్దుకుంటున్నాను. చూడనీకి పోతున్న అంటే అవ్వ నవ్వుతది. మన ఊరి జాడ వెతకనీకి పోతున్న అంటే తిడుతది. “పిల్లలడిగిన్రు, తీస్కపోతున్న” అని తప్పించుకున్నాను. ఆనాడు తప్పించుకున్న జవాబునే ఇప్పుడు రాద్దామని కూర్చున్నాను.

సోమశిల చూడని మిత్రుల కోసం నాలుగు మాటలు. ఇది నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న పల్లె. 2016 దాకా ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లానే. ఎదురుగా నల్లమల కొండలు, వాటి నడుమ సముద్రం లెక్క నిలబడ్డ నీళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు అది కొండల్లో పుట్టిన సరస్సు అనుకుంటారు. కాదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్ళవి. డ్యాం 885 అడుగుల మట్టానికి నిండిందంటే కృష్ణా తుంగభద్రలు వెనక్కి ఉబ్బి నిలబడతాయి. ఆ నీళ్ళ కింద అటు కర్నూలు జిల్లావి, ఇటు మహబూబ్‌నగర్ జిల్లావి వందకు పైగా ఊళ్ళున్నాయి. దాదాపు లక్ష మంది ఇళ్ళు వదిలిపోయారు. ఖాళీ చెయ్యని ఊళ్ళను 1981లో “ఆపరేషన్ డిమాలిషన్” అని పేరు పెట్టి మరీ కూల్చారు.

మాది ఆ ఊళ్ళలో ఒకటి. పేరు రాయను. ఏ ఊరి పేరు రాసినా అందులో వాడ కత ఒకటే.

ఇప్పుడు సోమశిలకు హైదరాబాదు నుంచి కార్లొస్తున్నాయి. కాటేజీలున్నాయి, లాంచీలున్నాయి. 2024లో కేంద్ర పర్యాటక శాఖ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మా విద్యార్థులు ఫోటోలు చూసే అడిగారు. అందులో తప్పేమీ లేదు. కానీ నన్నొక ప్రశ్న పట్టుకుంది. మా ఇంటి మీద నిలబడ్డ నీళ్ళను చూసి “ఎంత బాగుంది” అనొచ్చా? అంటే అది మా వాళ్ళకు ద్రోహం అవుతుందా? దాని వెనకే ఇంకో ప్రశ్న. మమ్మల్ని పొలిమేరకు నెట్టిన ఊరు మునిగితే, ఆ ఊరి కోసం మేం ఏడవాలా? ఈ రెండిటికీ జవాబు చెప్పుకుంటే గానీ అవ్వకు జవాబు దొరకదు.

మధ్యాహ్నం మూడు దాటినంక నడక మొదలుపెట్టాం. అందరి వీపుల మీదా సంచులు. దుప్పట్లు, బియ్యం, అటుకులు, గిన్నె, టార్చిలైటు. వేపచెట్లు కొత్త చిగురేసి ఉన్నాయి. మోదుగు పూలు రాలి ఎండుతున్నాయి. ఉగాది దగ్గరపడ్డ కాలం. గంట నడిచేసరికి నా భుజాలు గుంజుతున్నాయి. అప్పుడు నవ్వొచ్చింది. బరువు మోయటం సరదా కావటం మా ఇంట్లో నాతోనే మొదలు.

మా తాత వెట్టి మాదిగ. ఈ తావు జటప్రోలు సంస్థానం కింద ఉండేది. కొల్లాపూర్ దానికి రాజధాని. పక్కన వనపర్తి, గద్వాల సంస్థానాలు, అందరి మీదా నిజాం. రాజు ఎవరైనా వెట్టి ఒకటే. అధికారి ఊళ్ళోకొస్తే అతని సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరి పొలిమేర దాకా మోయాలె. అక్కడ ఇంకో మాదిగ అందుకోవాలె. దొరల చెప్పులన్నీ మా తాతే కుట్టేవాడు. ఊళ్ళో నడిచేటప్పుడు తన చెప్పులు మాత్రం చేతిలో పట్టుకునేవాడు. 1981లో మా అవ్వ నెత్తిన ఇసుర్రాయి, చంకలో చెల్లె. నా చేతిలో కోడిపెట్ట. వెనక్కి చూసే తీరిక లేదు, చూడాలన్న ఆశ కూడా లేదు. ఇదే ఒడ్డున నేనిప్పుడు రెండొందల అడుగులకొకసారి ఆగి కొండలు చూస్తున్నాను. నడుస్తూ నడుస్తూ ఆగి చూడటం చిన్న విషయం కాదని ఆ రోజే తెలిసింది. తలెత్తి చూడటమే తప్పయిన చోట ఊరికే చూస్తూ నిలబడటం కూడా ఒక హక్కే.

దారిలో పిల్లలు సోమశిల గుళ్ళ గురించి అడిగారు. ఆ గుళ్ళు కూడా ముంపు నుంచి ఒడ్డెక్కినవే. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఇట్లాగే రాయి రాయి విప్పి అలంపురం తీసుకుపోయి మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుళ్ళు, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా అట్లా కదిలినవే. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో లెక్క తప్పకుండా పేర్చారు. మంచి పనే. నేను కాదనను. ఆ శిల్పాలు చెక్కిన చేతులూ పనివాళ్ళవే. కానీ మా వాడ వేపచెట్టు కింద ఎల్లమ్మ ఉండేది. పసుపు పూసిన మూరెడు రాయి. ఆమె ఏ లెక్కలోకీ రాలేదు. మా బొందలగడ్డ లెక్కలోకి రాలేదు. తంగెడు చెక్క వేసి తోలు ఊనేసిన లంద లెక్కలోకి రాలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. గుడి రాళ్ళు మోసే కూలికి మా నాయన కొన్నాళ్ళు పోయాడు. ఏ గుడో చెప్పను. విప్పిన రాళ్ళను భుజాన మోశాడు, లారీకెత్తాడు, దించాడు. అప్పుడెవరికీ మైల తగల్లేదు. గుడి మళ్ళీ నిలబడ్డాక ఆయన బయట నిలబడ్డాడు. “రాళ్ళప్పుడు ముట్టుకున్న, దేవుడయినంక ముట్టుకోలే” అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వు నాకిప్పటికీ సగమే అర్థమైంది.

మార్చి కల్లా నీళ్ళు కిందికి దిగుతాయి. ఎదుటి ఒడ్డున సప్తనదుల సంగమేశ్వరాలయం తేలుతుంది. అది తేలిన ప్రతి ఏడూ పత్రికల్లో ఫోటో వస్తుంది, పూజలు జరుగుతాయి. మా ఊరూ కొన్నేళ్ళు తేలుతుంది. అది వార్త కాదు. పొద్దు వాలే వేళకు మేం ఆ తావుకు చేరాం. నల్లటి ఒండ్రు ఎండి పగుళ్ళిచ్చింది. మొండి గోడలు మోకాలెత్తున ఉన్నాయి. గచ్చు నేలలున్నవి పెద్దిళ్ళు. రాతి కట్టడంతో గుండ్రంగా కనబడేది ఊరి బావి. అక్కణ్ణుంచి రెండు పొలాల దూరం ఖాళీ. ఆ తర్వాత గుట్టలు గుట్టలుగా చిన్న రాళ్ళు, ఒక పగిలిన తొట్టి. అదే మా వాడ. నలభై ఏళ్ళకు పైగా నీళ్ళ కింద నానినా ఆ రెండు పొలాల దూరం తరగలేదు. నీళ్ళు తీసిన ఒండ్రులో వేసిన చేలు కూడా పాత హద్దుల లెక్కనే ఉన్నాయి. తేలిన భూమి కూడా పాత పట్టాదారు పేరే చెబుతోంది.

మాతో వచ్చిన అమ్మాయి మా కులం పిల్లే, హాస్టల్లో చదువుకుంటుంది. అలసిపోయి ఊరి నడిమధ్యన ఒక రాయి కనబడితే దాని మీద సంచి దించింది. నేను చూశాను. బొడ్రాయి. ఊరు పుట్టినప్పుడు పాతిన రాయి. పండగనాడు దాని చుట్టూ నీళ్ళు పోసేటప్పుడు మా నాయన డప్పు కొడుతూ పది గజాల దూరంలో ఉండేవాడు.

“తియ్యి” అనే మాట నా నోటిదాకా వచ్చింది.

అన్నానా లేదా అన్నది ముఖ్యం కాదు. వచ్చింది. ఇన్నేళ్ళు అంబేద్కర్‌ను చదివి, సభల్లో మాట్లాడి, పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషిని. ఊరు లేదు, దొర లేడు, పూజారి లేడు. చూసేవాడు లేని చోట కూడా నా ఒళ్ళు భయపడింది. ఆ పిల్లకు ఆ భయం లేదు. ఆమెకు అది సంచి పెట్టుకునే రాయి. సీసా మూత తీసి నీళ్ళు తాగి “ఏంది సార్, అట్ల జూస్తున్నరు?” అంది. చెప్పాను. “గట్లనా” అని సంచిని ఇంకొంచెం సరిగ్గా జరిపి పెట్టుకుంది.

ఆ రాత్రి ఒడ్డున మూడు రాళ్ళు పెట్టి అన్నం వండుకున్నాం. అడవిలోకి పోలేదు, ఒడ్డునే ఉన్నాం. చుక్కలు నీళ్ళల్లో కూడా కనబడుతున్నాయి. నలుగురిలో ఒక పిల్లవాడిది పెద్ద కులం, పెద్దిల్లు. వాళ్ళదీ మునిగిన ఊరే. మంట దగ్గర కూర్చుని అన్నాడు: “మా తాత సచ్చేదాక ఊరూ ఊరూ అని కలవరించిండు సార్. మునిగిన కాడ మీరూ మేమూ ఒకటే గద.”

అమ్మాయి అడిగింది: “మీ తాత కలవరించిన ఊర్లె మా అసొంటోళ్ళ ఇండ్లు యాడుండె?”

“నాకు తెల్వది.”

“మీ బావి యాడుండె?”

“అది తెలుసు. తాత చెప్పిండు.”

ఇద్దరూ ఊరుకున్నారు. వాడు మంచి పిల్లవాడు. వాడి తాత ఏడుపు అబద్ధం కాదు. కానీ దుఃఖానికి కూడా పట్టా ఉంటుంది. 1894 నాటి భూసేకరణ చట్టం భూమి ఉన్నవాణ్ణే చూసింది. నష్టపరిహారం అంటే సర్వే నంబరుకు కట్టిన ధర. భూమి లేనివాడి బతుకుతెరువు పోవడాన్ని కూడా నష్టంగా లెక్కేసే చట్టం 2013లో గానీ రాలేదు. మాకున్న రెండెకరాల మాన్యానికి కాగితం లేదు. గుడిసెకు ఏదో ఇచ్చారు. అది కట్నాలకు కాదు, కల్లుకు కూడా కాదు, అప్పులకు పోయింది. నిర్వాసితులకు ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. దాని కోసం అర్జీలు పట్టుకుని తిరుగుతూ జుట్టు నెరిసినవాళ్ళు నాకు తెలుసు.

“అయితే మునగటమే మంచిదంటరా సార్?” అని అడిగాడు ఇంకో కుర్రాడు. ఈ మాట మన మిత్రులు కూడా అంటారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊళ్ళను పొగిడేవాళ్ళను నిలదీశాడు. ఊరంటే అజ్ఞానం, ఇరుకుతనం, కులపిచ్చి తప్ప ఇంకేమున్నదని అడిగాడు. అటువంటి ఊరు మునిగితే మనకెందుకు ఏడుపు? నేనూ చాలా ఏళ్ళు ఇదే అన్నాను. కానీ నీళ్ళు ముంచింది ఇళ్ళను. కులాన్ని ముంచలేదు. గట్టు మీద కొత్త ఊరు కట్టుకున్నప్పుడు మా ఇళ్ళు మళ్ళీ చివరనే పడ్డాయి. కులం మూటల్లో ఒడ్డెక్కింది. మునిగినవి మాత్రం మా ఎల్లమ్మ, మా లంద, మా తాతల బొందలు, అవ్వ చేతులతో అలికిన గోడ. ఊరికోసం ఏడవను. ఊరిలో మేం చేసుకున్న బతుకు కోసం ఏడుస్తాను. ఈ రెండిటినీ ఒకటే దుఃఖం చెయ్యమంటే ఒప్పుకోను. ఆ రాత్రి పిల్లలకు ఇంత తేటగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సాయంత్రం ఒడ్డున చెంచు మనిషి ఒకాయన ఎదురయ్యాడు. అమరగిరి చెంచుల ఊరు. వలలు సర్దుకుని పోతున్నాడు. నాకు భుజాలు నొస్తున్నాయి. “పెద్దాయనా, జర ఈ సంచి అందుకో, కట్టెలు కూడా తెచ్చిపెట్టు, డబ్బులిస్త” అన్నాను. ఆయన ఏమీ అనకుండా సంచి నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. కట్టెలు తెచ్చాడు. రెండొందలిచ్చాను. డబ్బులిచ్చాను కదా, వెట్టి కాదు కదా అని మనసుకు చెప్పుకున్నాను. రాత్రి వెట్టి గురించి అంతసేపు మాట్లాడినవాణ్ణి, ఆయన గురించి ఒక్క మాట మాట్లాడలేదు. తెల్లారి ఆయన మళ్ళీ అటుగా వస్తే “నీ పేరేంది తాతా?” అని అడిగింది ఆ అమ్మాయే. అప్పటిదాకా నేనాయన పేరు అడగలేదు. మా తాత నెత్తిన సామాను పెట్టిన అధికారి కూడా పేరు అడిగి ఉండడు.

మన మీద జరిగింది మనకు బాగా గుర్తుంటుంది. మన చేతుల మీద జరిగేది కనబడదు. నీళ్ళను చూసి “బాగుంది” అనటం ద్రోహం కాదు. ఆ బాగున్నదాని కింద ఎవరున్నారో, పక్కన ఎవరు బరువు మోస్తున్నారో అడగకుండా అనటమే ద్రోహం. నాకు దొరికిన జవాబు ఇదే. అది నన్ను కూడా వదల్లేదు.

మార్చి 20 తెల్లవారింది. కావాలనే ఆ తేదీ పెట్టుకున్నాం. 1927లో అదే రోజు మహద్‌లో అంబేద్కర్ వెంట వేల మంది నడిచిపోయి చౌదారు చెరువులో దోసిలి ముంచి నీళ్ళు తాగారు. తాగినందుకు కొట్టారు. చెరువు మైలపడిందని పేడ, పంచితం కలిపి శుద్ధి చేశారు. పేడ కలిస్తే మైల కాదు, మనిషి చెయ్యి తగిలితే మైల. మన దగ్గర 1985 జులైలో కారంచేడు మంటకు మొదలు కూడా నీళ్ళే. మాదిగలు తాగే చెరువును మురికి చేస్తుంటే వద్దన్నందుకు మొదలైంది. ఆరుగురు మాదిగలను చంపారు.

మా ఊళ్ళో పై రేవు వాళ్ళది, కింది రేవు మాది. వాళ్ళు కడిగిన నీళ్ళే మాకొచ్చేవి. వాళ్ళ బావుల మీద మోట ఆడేది మా తాత కుట్టిన తోలు బొక్కెనతో. ఆ తోలులోంచి పారిన నీళ్ళను కాలువ దగ్గర దోసిలి పట్టి తాగేవాళ్ళు. తోలుకు లేని మైల తోలు కుట్టిన చేతికి వచ్చింది. ఇప్పుడు పై రేవూ లేదు, కింది రేవూ లేదు. అంతా ఒకటే నీళ్ళు. అమ్మాయి, పెద్దింటి పిల్లవాడు, మేమంతా వంగి ఒకే చోట దోసిళ్ళు ముంచాం. ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు.

కానీ రేవులు కలిసినంత మాత్రాన నీళ్ళు కలిసినట్టు కాదు. కొల్లాపూర్ మండలం ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లు ఇవే నీళ్ళను పైకి తోడుతున్నాయి. నార్లాపూర్ దగ్గర పాలమూరు-రంగారెడ్డి పంపును 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. పాలమూరు చెలకలకు నీళ్ళు రావాలని నేనూ జెండా పట్టుకున్నాను. కానీ ఎత్తిన నీళ్ళు పారాలంటే చెలక ఉండాలె గదా. నీళ్ళ కోసం ఊరిచ్చినవాడికి, భూమి లేదు కాబట్టి నీళ్ళు లేవు. మహద్‌లో అడిగింది దోసిలి ముంచే హక్కు. ఇప్పుడు మనం అడగాల్సింది మడి తడిపే హక్కు. దానికి ముందు మడి.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది.

“ఏం గనబడ్డది?”

“బొడ్రాయి గనబడ్డదవ్వా. మా కాలేజీ పిల్ల దాని మీద సంచి పెట్టింది.”

అవ్వ కాసేపు నా మొగం చూసింది. తర్వాత నవ్వటం మొదలుపెట్టింది. దగ్గొచ్చిందాకా నవ్వింది.

“బరువు దిగిందా ఆ పిల్లకు?”

“దిగింది.”

“మరింకేం. గిన్నేండ్లకు ఒక్క పనికొచ్చింది ఆ రాయి.”

సంచి విప్పుతుంటే మళ్ళీ అడిగింది. “వచ్చే ఏడు నీళ్ళు తీస్తే నన్ను గూడ తీస్కపోతవా?”

“ఎందుకవ్వా? ఆడ మనకేమున్నదన్నవు గద.”

“ఏడ్వనీకి గాదురా. నెత్తిన కుండ లేకుండ కిష్ణ ఒడ్డున ఎన్నడు కూసున్న? ఒక్కపాలి కూసొని జూస్త.”